ఉక్కపోతలో ఒంటరి బండి

జక్రాన్‌పల్లిలో ఎండ మనకు పని చేసిపెడుతుంది. ఉడకబెట్టిన పసుపును కళ్లంలో ఆరబోస్తే రెండు వారాలు తిరిగేసరికి కొమ్ము టక్కున విరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు మన జిల్లాకు కొత్త కాదు. తలకు తువ్వాల చుట్టుకుని పని చేస్తాం, చెట్టు నీడకు చేరితే ప్రాణం లేచొస్తుంది. పసుపు అమ్ముడుపోయాక బండి మీద ఒక్కణ్నే సముద్రం దిక్కు పోవడం నాకు ఇష్టం. ఎండను ఓర్చుకునే మన అలవాటు ఆ దారిలో చాలదు.

మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాద్, అక్కణ్నించి 65 మీద మచిలీపట్నం. అక్కడ 216 తగులుతుంది. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా దాదాపు 390 కిలోమీటర్ల రోడ్డు. తీరం రోడ్డని పేరే గానీ, సముద్రం కంటికి ఆనేది తక్కువ. పెడన దాటి కృత్తివెన్ను వైపు పోతుంటే రొయ్యల చెరువులు, వాటిలో నురగ లేపుతూ తిరిగే ఏరేటర్లు. చించినాడ వంతెన ఎక్కితే కింద వశిష్ఠ గోదావరి, అవతల కొబ్బరితోటలు. పచ్చగా ఉంది కదా, చల్లగా ఉంటుందనుకుంటాం. ఉండదు.

ఫోన్‌లో చూస్తే 36 డిగ్రీలే. కానీ బండి ఆపిన నిమిషంలో చొక్కా వీపుకు అంటుకుపోతుంది, గ్లౌజు లాగితే వేళ్లతో పాటు తిరగబడి వస్తుంది. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. మన దగ్గర గాలి పొడి కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరుతుంది. అక్కడ గాలి నిండా నీళ్లే, ఇక ఆరేదెక్కడ? లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

ఆ వేడి ముందుగా దెబ్బతీసేది తెలివినే. తల బరువెక్కుతుంది, "ఇంకో పది కిలోమీటర్లు పోదాం" అనిపిస్తుంది. వెనక మనిషి ఉంటే మాట తేడా పసిగట్టి ఆపమంటాడు. ఒంటరికి ఆ మనిషి లేడు. అందుకే ఆగే చోటు పొద్దున్నే, బుద్ధి చల్లగా ఉన్నప్పుడే ఖాయం చేసుకోవాలి, దారిలో మార్చకూడదు. తెల్లవారకముందే బయల్దేరి పదింటికల్లా బండి దించేస్తాను. మళ్లీ ఎక్కేది నాలుగు దాటాకే. ఇంతకు మించిన సామాను ఏ దుకాణంలోనూ దొరకదని నా నమ్మకం.

నీళ్లొక్కటే తాగితే సరిపోదు, ఉప్పు కూడా పోతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గరుంచుకోవాలి. అవి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా కొలతలు తలగొట్టి. ఉప్పుగాలికి చైన్ తుప్పు పడుతుంది. సాయంత్రం మంచినీళ్లతో కడిగి, ఆరాక నూనె పెట్టాలి. దాళ్వా, అంటే మన యాసంగి వరి, కోతల రోజుల్లో రోడ్డు పక్కన వడ్లు ఆరబోస్తారు, మసక చీకట్లో వాటి మీదికి చక్రం పోతే జారుతుంది.

ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటితే యానాం, ఆపైన కాకినాడ. ఉప్పాడ పోయే రోడ్డు మీద సముద్రం ఎట్టకేలకు పక్కకే వస్తుంది. అలలు ఊరినే కోస్తుంటే రాళ్లు పేర్చి ఆపుతున్న చోటు అది. అక్కడ తప్పకుండా ఆగి చూడండి.

సెలవులకు బండి మీద తీరానికి పోదామనుకునే ఆర్మూరు, జక్రాన్‌పల్లి పిల్లలకు ఒక మాట. ఆ రోజు ఎక్కడెక్కడ ఆగుతారో బయల్దేరేముందే ఇంట్లో చెప్పండి, ఆగిన ప్రతిచోటా ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద కష్టం వస్తే 1033, అంబులెన్స్‌కు 108.