పిల్లాడి పాట ఎవరు విన్నారు?

బీబీపేట, దోమకొండ వైపు ఊళ్లలో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ దొరకడం కష్టం. నాన్న దుబాయిలో, అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, ఇద్దరి మధ్యా పదో తరగతి పిల్లాడు. వీడియో కాల్‌లో నాన్న మార్కులడుగుతాడు. పిల్లాడు ‘మంచిగున్న’ అంటాడు. చెప్పని మాటలన్నీ రాత్రికి ఇయర్‌ఫోన్లలోకి చేరతాయి.

అక్కడ మోగేది చాలాసార్లు ‘లవ్ ఫెయిల్యూర్’ పాటే. తెలంగాణ యూట్యూబ్ జానపదాల్లో వీటికి పెద్ద గిరాకీ. పొలం గట్టు, బావా మరదళ్లు, చివర్లో పిల్లకు వేరొకరితో పెళ్లి. పెద్దలకు చిరాకు: ‘పదిహేనేండ్లకే వీనికి లవ్వెక్కడిది, ఫెయిలయ్యేదెక్కడిది?’ నిజమే, చాలామందికి ఏ ప్రేమా ఉండదు. ఉన్నది ఇంకేదో దిగులు. దానికి పేరు పెట్టడం రాక, పాటలోని పిల్ల మీద బెంగ పెట్టుకుంటారు.

ఫిన్లాండ్ పరిశోధకులు సువి సారికల్లియో, యాక్కో ఎర్కిలా 2007లో ప్రచురించిన అధ్యయనంలో టీనేజర్లనే అడిగి చూశారు. పాటతో వాళ్లు చేసుకునే పనులు ఏడు తేలాయి. కాలక్షేపం, సేద తీరడం, ధ్యాస మళ్లించుకోవడం లాంటివి ఎవరైనా ఊహిస్తారు. కోపం కక్కేయడం, మనసులోని చిక్కు విప్పుకోవడం, ఓదార్పు వెతుక్కోవడం కూడా అందులో ఉన్నాయి. 2015లో సారికల్లియో మరికొందరితో కలిసి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. పాట విన్నాక పిల్లలు తేలికపడుతున్నారా, పాత బాధనే తవ్వుకుని ఇంకా కుంగుతున్నారా అన్నది అందులో కీలకం. ఫోన్ గుంజుకునే ముందు ఇంట్లో అడగాల్సిందీ అదే. కుంగుతున్నట్టు కనిపిస్తే పాటను తిట్టి లాభం లేదు. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు.

పాటే తోడుగా పెరిగిన పిల్లాడు వెనకటికీ ఉన్నాడు. పక్కనున్న సిద్దిపేట జిల్లా రేబర్తిలో పుట్టిన కవి అందెశ్రీ బడికి పోలేదు. తల్లిదండ్రుల అండ లేని బాల్యం, గొర్రెల వెంట తిరుగుడు, తోడుగా పాట. శంకర్ మహరాజ్ అనే స్వామి ఆ గొంతు విని చేరదీశారు. అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ 2024లో రాష్ట్ర గీతమైంది. 2025 నవంబర్‌లో ఆయన కన్నుమూశారు. పాడుకునే ప్రతి పిల్లాడూ అందెశ్రీ కానక్కర్లేదు. కానీ ఆ కథలో ఒక మనిషి ఆగి విన్నాడు. ఇయర్‌ఫోన్లలోని పాటకు ఆ అవకాశమే లేదు.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో వయసు పిల్లలు రాత్రిళ్లు, చేతిలో చెక్క చిరుతలు కొడుతూ ఆడే చిరుతల రామాయణం నేర్చుకునేవాళ్లు. సీతమ్మ వేషం కట్టిన పిల్లాడు ఊరందరి ముందూ ఏడ్వొచ్చు, ఎవరూ నవ్వరు. పెళ్లికాని ఆడపిల్లలకు బతుకమ్మకు ముందే బొడ్డెమ్మ పండుగ వచ్చేది. చప్పట్ల మధ్య ఎవరి గోడు వాళ్లు పాటలో కలిపేసేవాళ్లు. అయితే ఆ రోజులను మరీ ఆకాశానికెత్తాల్సిన పని లేదు. దూరంగా నిలబడి విన్న వాడలూ ఉన్నాయి. ఫోన్ ఎవరి కులమూ అడగదు, ఆ మేరకు మేలే.

చిరుతలు మళ్లీ పట్టించాలంటే గురువు దొరకాలి. బడిలో శనివారం ఆఖరి పీరియడు పిల్లలను పాడనిస్తే గురువూ అక్కర్లేదు, దరువుకు బెంచీ చాలు. పిల్లలు మొదట ఎత్తుకునేది లవ్ ఫెయిల్యూర్ పాటే అవుతుంది. సారు మొదటి చరణానికే ఆపకపోతే, రెండో పాటకు వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు లేస్తారు.