పేరొకటి, పని మరొకటి: లినక్స్‌లో బ్యాటరీ వివరణ

విమర్శ అనగానే ఏదో ఒక గ్రంథాన్ని గురించిన విమర్శ అని పాఠకులు తలచవచ్చును. ఈసారి నేను పరిశీలించదలచినది అచ్చయిన గ్రంథం కాదు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కెర్నెల్‌తో పాటే లభించే వివరణ పత్రాలున్నవి. వానిలో బ్యాటరీని గురించిన పుటలు ఇక్కడ విషయం. యంత్రాన్ని నడిపేవారు దానిని గురించి వ్రాసిన వివరణ కూడ శాస్త్ర రచనయే. శాస్త్ర రచనకు పెట్టే పరీక్ష దానికీ పెట్టవచ్చును.

ఈ పుటలు చదవవలసిన అవసరం నాకు ఒక విద్యార్థి మూలంగా కలిగినది. మా ప్రయోగశాలలోని ల్యాప్‌టాప్‌లను ఉదయం నుండి సాయంకాలం దాకా ఎవ్వరూ ప్లగ్గు నుండి తీయరు. బ్యాటరీకి ఏ ఛార్జింగ్ పద్ధతి కావాలో ఎంచుకొనే వీలు వానిలో ఉన్నది. ఆ అబ్బాయి ఆ పేర్లు చూపించి, "సార్, ఇందులో ట్రికిల్ అని ఉంది. మీరు పాఠంలో చెప్పిన ట్రికిల్ ఛార్జింగ్ ఇదేనా?" అని అడిగాడు. నేను ఆలోచించకుండా అవునన్నాను. ఆ జవాబు తప్పు. అయితే నా తప్పులో ఆ పుటకు కూడ కొంత భాగమున్నదని తరువాత తెలిసినది.

పాఠంలోని ట్రికిల్ ఛార్జింగ్ ఏమిటో ముందు చూద్దాము. మన ఇండ్లలో ఇన్వర్టరు క్రింద ఉండే సీసపు బ్యాటరీని తీసుకొనండి. రెండేసి వోల్టుల ఘటాలు ఆరు కలిపితే పన్నెండు వోల్టులు. ఈ బ్యాటరీ వాడకపోయినా తనంతట తాను కొంత శక్తిని పోగొట్టుకొంటుంది. ఖాళీగా చాలకాలం వదిలితే పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ చెడుతుంది. కనుక నిండిన తరువాత కూడ, పోయే దానికి సరిపడేంత స్వల్ప విద్యుత్ప్రవాహాన్ని ఎడతెగకుండ పంపుతారు. పొయ్యి మీద మరిగి ఇగిరిపోతున్న నీటికి బదులు కొంచెం కొంచెంగా నీరు చేర్చినట్లు. ట్రికిల్ అన్న మాటకు పుట్టిల్లు అది. ఇక్కడ నిండుగా ఉండటమే బ్యాటరీకి ఆరోగ్యం.

ల్యాప్‌టాప్‌లో ఉండేది లిథియం అయాన్ ఘటం. సోనీ సంస్థ దీనిని మొదట విపణిలో ప్రవేశపెట్టినది 1991లో. లినస్ టోర్వాల్డ్స్ తన లినక్స్‌ను ప్రకటించినది కూడ ఆ సంవత్సరమే కావటం ఒక చిత్రమైన యాదృచ్ఛికం. ఈ ఘటాన్ని మొదట స్థిరమైన ప్రవాహంతో, తరువాత స్థిరమైన వోల్టేజితో నింపుతారు. సాధారణమైన రకాలలో ఘటానికి 4.2 వోల్టులు చేరిన పిదప ప్రవాహం క్రమంగా తగ్గుతుంది. తగినంత తగ్గగానే ఛార్జరు దానిని పూర్తిగా ఆపివేస్తుంది. నిండిన ఘటంలోనికి స్వల్ప ప్రవాహాన్ని పంపుతూ కూర్చోవటం దీనికి పనికిరాదు. పైగా నిండుగా, అంటే ఎక్కువ వోల్టేజి వద్ద, వెచ్చగా చాలకాలం ఉంచితే లోపలి ద్రావణం విచ్ఛిన్నమవుతుంది. నిలువ చేసే శక్తి తగ్గుతుంది. వాయువులు పుట్టి బ్యాటరీ ఉబ్బవచ్చును. ఇన్వర్టరు బ్యాటరీకి మేలు చేసేది దీనికి కీడు చేస్తుంది. రోజంతా ప్లగ్గులో ఉండే ల్యాప్‌టాప్‌కు కావలసినది నెమ్మదిగా నింపటం మాత్రమే కాదు, పూర్తిగా నింపకుండా ఆపటం.

ఇప్పుడు ఆ పుటకు వద్దాము. లినక్స్‌లో బ్యాటరీని గురించిన ప్రతి విషయమూ ఒక్కొక్క చిన్న ఫైలుగా కనబడుతుంది. వోల్టేజికి ఒకటి, ప్రవాహానికి ఒకటి. వీనిని ఎవరైనా తెరచి చదవవచ్చును. విలువలు మైక్రోవోల్టులలో, మైక్రో ఆంపియర్లలో ఉంటాయని పుట స్పష్టంగా చెబుతున్నది. ప్రమాణాలు చెప్పకుండ అంకెలు వేసే పాఠ్యపుస్తకాలు మనకు లేకపోలేదు. ఆ దృష్ట్యా ఇది మెచ్చదగినది. చార్జ్ టైప్ అనే ఫైలు దగ్గరనే చిక్కు వస్తున్నది. బ్యాటరీకి ప్రస్తుతం జరుగుతున్న ఛార్జింగ్ రకాన్ని ఇది తెలుపుతుందని అక్కడ వ్రాసినారు. ట్రికిల్, ఫాస్ట్, స్టాండర్డ్ అనేవి వేర్వేరు వేగాలని అర్థం చెప్పినారు. నా విద్యార్థి ఈ వాక్యం చదివితే, ట్రికిల్ అంటే నెమ్మదిగా నిండటమే అనుకొంటాడు. పాఠం చెప్పిన నేనూ అదే అనుకొన్నాను.

అదే వివరణ పత్రాలలో మరొక పుట ఉన్నది. అది 2019లో విల్కో అనే రకం క్రోమ్‌బుక్‌ల కోసం చేర్చినది. అక్కడ ఇదే ట్రికిల్ అన్న మాటకు, బ్యాటరీ ఆయుర్దాయాన్ని పెంచేది, ఎక్కువగా ప్లగ్గులోనే ఉంచి వాడేవారికి ఉద్దేశింపబడినది, అని వివరణ! వేగం మాట లేదు. 2024లో డెల్ ల్యాప్‌టాప్‌ల డ్రైవరులో ఈ సౌకర్యాన్ని చేర్చినప్పుడు, ఆ సంస్థ తన మాటలలో "ముఖ్యంగా ఏసీ" అని పిలిచే పద్ధతికి లినక్స్‌లో ట్రికిల్ అని పేరు పెట్టినారు. బ్యాటరీ నూరు శాతానికి చేరకుండ హద్దును తగ్గించే పద్ధతి అది అని ఆ సంస్థయే చెబుతున్నది. కొన్ని ఛార్జర్ చిప్పుల డ్రైవర్లలోనేమో, బాగా ఖాళీ అయిన ఘటానికి మొదట ఇచ్చే స్వల్ప ప్రవాహానికి ఇదే పేరు. సీసపు బ్యాటరీలో నిండిన తరువాతి దశ, ఈ చిప్పులో నిండటానికి పూర్వపు దశ, ల్యాప్‌టాప్‌లో నిండకుండ ఆపే పద్ధతి: మూడింటికీ ఒకటే మాట.

పేర్లది చిన్న విషయమని కొందరు అనవచ్చును. అయితే ఇక్కడ కలిసిపోయినవి రెండు భౌతిక రాశులు. ఎంత ప్రవాహంతో నింపుతున్నాము అన్నది ఒకటి. ఎంతవరకు నింపుతున్నాము అన్నది మరొకటి. మొదటిది ఆంపియర్లలో, రెండవది శాతాలలో. కుండలోనికి నీరు వచ్చే వేగాన్నీ కుండలో నీటి మట్టాన్నీ ఒకటిగా వ్రాసిన విద్యార్థికి మనం మార్కులు వేయము. దీనికి తోడు మరొక కలయిక ఉన్నది. ఆ ఫైలు మొదటి నుండి ఛార్జరు ఇప్పుడు ఏమి చేస్తున్నదో తెలిపే కొలత. తరువాతి కాలంలో వాడుకరి తన కోరికను వ్రాసేది కూడ అందులోనే అయినది. థర్మామీటరు మీదనే జ్వరం ఇంత ఉండాలని వ్రాసినట్లున్నది. నాకైతే ఇది రెండవ దానికంటె పెద్ద లోపంగా తోచుచున్నది.

బాగా వ్రాసిన భాగం దూరాన లేదు, అదే పుటలోనే ఉన్నది. ఛార్జింగ్ మొదలు పెట్టవలసిన శాతమూ, ఆపవలసిన శాతమూ నిర్ణయించే రెండు ఫైళ్ళను చూడండి. ఈ శాతం కంటె తగ్గితే మొదలవుతుంది, ఈ శాతం మించితే ఆగుతుంది, అంతే. ఆపవలసిన శాతానికి మరొక మాట కూడ చేర్చినారు: కొన్ని యంత్రాలు ఏ అంకెనైనా స్వీకరించలేవు, డ్రైవరు దగ్గరి అంకెకు మార్చుకొంటుంది, తిరిగి చదివితే నిజంగా అమలైన అంకె కనబడుతుంది. యంత్రం చేయలేని దానిని దాచకుండ, దానిని కనిపెట్టే మార్గం కూడ చెప్పటం ఉత్తమమైన వివరణ. లెనోవో ఐడియాప్యాడ్‌లలోని సంరక్షణ పద్ధతిని గురించిన పుటలో కూడ, బ్యాటరీని సుమారు 50 నుండి 60 శాతం దగ్గర ఆపుతుందని అంకె వేసి చెప్పినారు. ట్రికిల్ దగ్గర మాత్రం అంకె లేదు, హద్దు ఉన్నదన్న సూచన అయినా లేదు.

ఇందుకు కారణం ఊహింపదగినదే. ఒక్కొక్క సంస్థ తన పద్ధతికి తన పేరు పెట్టుకొంటుంది. కెర్నెల్ వారు అన్నింటికీ ఉమ్మడి పేర్లు కావాలన్నారు, అది మంచిదే. అప్పటికే పట్టికలో ఉన్న మాటలలో దగ్గరగా తోచిన దానిని క్రొత్త పద్ధతికి అంటగట్టినారు. అది మంచిది కాదు. లాంగ్ లైఫ్ అన్న పేరు కూడ అదే పట్టికలో ఉన్నది. దానికి కూడ వేగం తగ్గించేది అనే అర్థం వ్రాసినారు గాని, ఆపే మట్టాన్ని గురించి ఒక్క మాట లేదు.

మా అబ్బాయికి నా తప్పు ఒప్పుకొని, ప్రవాహం ఫైలును తరగతిలో చదివించినాను. ట్రికిల్‌లో ఒకసారి, స్టాండర్డ్‌లో ఒకసారి, ప్రతి ఐదు నిమిషాలకూ అంకె వ్రాసుకొని గ్రాఫు గీయమన్నాను. ప్రవాహం ఎంత ఉన్నది, ఏ శాతం వద్ద సున్నా అయినది అని వేర్వేరుగా గుర్తించాలని షరతు. హైస్కూలు ఉపాధ్యాయులు కూడ, ఛార్జింగ్ పద్ధతిని ఎంచుకొనే వీలున్న లినక్స్ ల్యాప్‌టాప్‌తో ఈ ప్రయోగం చేయించవచ్చును. ప్రవాహం ఫైలు లేని యంత్రాలలో వాట్ల ఫైలు ఉంటుంది. లినక్స్ వివరణ పత్రాలకు సవరణలు ఎవరైనా పంపవచ్చును. అతడు ఇప్పుడు ట్రికిల్ దగ్గర చేర్చవలసిన రెండు వాక్యాలు వ్రాస్తున్నాడు. మొదటి వాక్యంలో వేగం అన్న మాట మూడుసార్లు కొట్టివేసినాడు.