ఎదురుకాళ్ల వైద్యం

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఒక సలహా. టీ బండి దగ్గర పెన్షన్ తీసుకునే పెద్దాయనొకరు, మిర్చి యార్డులో బస్తాలు మోసే కుర్రాడికి చెబుతున్నారు: "డిస్కు జారితే ఆపరేషన్ జోలికి పోకు నాయనా. నాకు దానంతటదే తగ్గింది."

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా గొడవ తెలిసిందే. స్కానింగ్ రిపోర్టు చూసి బెంబేలెత్తేవాళ్లంటే నాకు చిరాకు. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, సగం మందికి పైగా డిస్కు ఉబ్బి కనిపించింది. మరి పెద్దాయన నా పార్టీయే కదా?

'దానంతటదే తగ్గింది' అన్న మాట వింటే నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొస్తుంది. అక్కడ ఎదురుకాళ్లతో పుట్టిన ఒకావిడ ఉండేది. నడుం పట్టేసిందంటే చాలు, మనిషిని అరుగు మీద బోర్లా పడుకోబెట్టి ఎడంకాలితో తొక్కేది. డబ్బు ముట్టేది కాదు. ఇంటికి సొరకాయో, అరడజను గుడ్లో చేరేవి. నొప్పి తారస్థాయికి చేరాకే జనం ఆవిడ దగ్గరికి వెళ్లేవారు. అప్పటికే అది దిగుముఖం పట్టే వేళ. తగ్గినవాళ్లు ఊరంతా చాటేవారు. తగ్గనివాళ్లు గుట్టుగా పట్నం బస్సెక్కేవారు. జారిన డిస్కు మీద తొక్కుడు ప్రమాదమని చెప్పేవాళ్లూ లేరు.

అసలు పని చేసేది ఒంట్లోని మాక్రోఫేజులనే రక్షణ కణాలు. వెన్నుపూసల మధ్య నుంచి బయటికొచ్చిన గుజ్జును అవి పరాయి సరుకుగా చూసి మింగేస్తాయి. చిత్రమేమిటంటే, కాస్త ఉబ్బిన డిస్కు కంటే పూర్తిగా తెగిపడిన ముక్కే ఎక్కువగా కరుగుతుంది.

అయితే 2007లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనం ఒకటుంది. డిస్కు జారి సయాటికా, అంటే కాల్లోకి పాకే నొప్పి, వచ్చిన 283 మందిలో కొందరికి త్వరగా ఆపరేషన్ చేసి, మిగతావారిని ఆగి చూడమన్నారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు సమానం. కానీ కోయించుకున్నవారికి కాలినొప్పి ముందే తగ్గింది. ఆగినవారిలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్ బల్ల ఎక్కారు.

పెన్షనుదారు ఆర్నెల్లు ఆగగలడు. హమాలీకి ఆ ఆర్నెల్లూ అప్పు మీద వడ్డీ పెరుగుతుంది. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం లేవకపోయినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. అవేవీ లేకపోతే డాక్టరును అడగాల్సింది ఒక్కటే: ఆగితే ఎన్నాళ్లకు బస్తా ఎత్తగలను, కోయించుకుంటే ఎన్నాళ్లకు? ఆ జవాబు విని కుర్రాడు కత్తికే ఓటేస్తే, నా ఓటూ అటే.