ఒకే గ్రంథి, రెండు పనితనాలు

కాపుకొచ్చిన జామచెట్టు కింద తెల్లవారి చూస్తే పిప్పి ఉండలు రాలి ఉంటాయి. రాత్రి పెద్ద గబ్బిలం చేసిన విందు తాలూకు గుర్తులవి. అది పండును నమిలి, నాలుకతో గరుకైన అంగిలికేసి అదిమి, రసం మింగి, పిప్పిని ఉమ్మేస్తుంది. దాంతోపాటు కొంత ఉమ్మీ పోతుంది. కానీ ఆ ఉమ్మిలో విలువైనదాన్ని గబ్బిలం ముందే దాచుకుంటుంది.

లాలాజల గ్రంథి కట్టడం ద్రాక్షగుత్తిలా ఉంటుంది. పండ్లున్న చోట చిన్న సంచులు, కాడలున్న చోట నాళికలు. సంచుల గోడల్లోని కణాలు నీరు, లవణాలు, ప్రోటీన్లు కలిపి తొలి ఉమ్మిని ఊరిస్తాయి. అప్పటికి దాని ఉప్పదనం దాదాపు రక్తంతో సమానం. నోటికి వెళ్లే దారిలో ‘చారల నాళికలు’ ఆ ఉప్పును వెనక్కి లాగుతాయి.

చారలెక్కడివి? నాళిక కణం అడుగు పొర చీర కుచ్చిళ్లలా లోపలికి మడతలు పడి ఉంటుంది. మడతల మధ్య మైటోకాండ్రియా నిలువుగా బారులు తీరతాయి. సోడియాన్ని తోడే పంపులు ఆ మడతల్లోనే ఉంటాయి, వాటికి శక్తి పక్కనే అందుతుంది. మడతలు పెరిగినకొద్దీ పంపులకు చోటు పెరుగుతుంది. నీరు మాత్రం ఈ గోడను అంతగా దాటలేదు. అందుకే నోటికి చేరేసరికి ఉమ్మి చప్పబడుతుంది.

పండులో పొటాషియం ఎక్కువ, సోడియం బహు తక్కువ. ఫలాహారి గబ్బిలాల గ్రంథుల్లో ఈ చారల నాళికలు విస్తారంగా పెరిగి ఉండటానికి కారణం ఇదేనంటారు పరిశోధకులు.

మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా బతికే రక్తపిపాసి గబ్బిలానికి ఉప్పు కొరత లేదు. దాని చిక్కల్లా గాయం గడ్డకట్టడమే. 25–40 గ్రాముల ఈ జీవి ఎనామెల్ లేని పదునైన ముందు పళ్లతో చర్మంలో చిన్న గాటు పెట్టి, కారే నెత్తురును నాకుతుంది. ఇక్కడ పనితనమంతా సంచి కణాలు తయారుచేసే ప్రోటీన్లలో కనిపిస్తుంది. డ్రాక్యులిన్ అనే ప్రోటీన్ గడ్డకట్టే గొలుసులో 9, 10వ అంశాలను అడ్డుకుంటుంది. అప్పటికే ఫైబ్రిన్ పోగులు అల్లుకుని ఉంటే వాటిని కరిగించే పని మరో ఎంజైమ్ మొదలుపెడుతుంది. పారే నెత్తురులో అది దాదాపు నిద్రలో ఉంటుంది, ఫైబ్రిన్ తగిలితేనే చురుకందుకుంటుంది. పని ఉన్నచోటే పనిచేసే పనిముట్టు!

గుత్తి అదే, కాడలూ అవే. ఒకచోట ప్రకృతి కాడను చెక్కింది, ఇంకోచోట పండులోని రసాన్ని మార్చింది. జామచెట్టు కింది పిప్పి ఉండను చేత్తో ముట్టకండి, గబ్బిలాల ఉమ్మిలో రోగకారక వైరస్‌లు ఉండొచ్చు. ఊడ్చేసే ముందు మాత్రం ఒక్క క్షణం చూడండి: పండు రుచి, ఒంటి ఉప్పు రెండూ మిగుల్చుకుని గబ్బిలం వదిలేసింది ఆ కాస్త తడినే.