చివరకు మిగిలేది: అందరికిని తెలిసిన రహస్యము

మనస్తత్త్వ నవలను గూర్చి పరిశోధనకు పూనుకొను విద్యార్థులు తొలుత వేయు ప్రశ్న యొకటి కలదు: కథానాయకుని బాల్యమున ఏమి జరిగినది? ఈ ప్రశ్న తప్పు కాదు. కాని దానికి సమాధానము ఎక్కడనో దాగియున్నదనియు, కడపటి ప్రకరణమున అది బయటపడి తీరవలెననియు ముందుగానే నిశ్చయించుకొని చదువుట తప్పు. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ ఇటీవల ఇట్టి పఠనమునకు గురియగుచున్నది. దయానిధికి బాల్యమున తగిలిన మనోఘాతము, తల్లి నడవడిని గూర్చిన కుటుంబరహస్యము, ఆ రహస్యము వెల్లడియగుట, తత్ఫలితమైన విముక్తి అని ఈ నవలను నాలుగు మెట్లుగా విభజించిన పరిశోధన ప్రతిపాదనలను ఈ వ్యాసకర్త ఒకటికంటె ఎక్కువగా చూచెను. ఈ నాలుగింటిలో మొదటిది కొంతవరకు నిజము. మూడవది నవలలో లేనేలేదు. అది లేనప్పుడు నాలుగవది ఎట్లు వచ్చునో ఆలోచింపవలసియున్నది.

ఈ చట్రము ఎక్కడనుండి వచ్చినదో ఊహించుట కష్టము కాదు. నేటి ఉత్కంఠ నవలలను, వానిని పోలిన ధారావాహికలను చదువువారికి ఇది చిరపరిచితము. కథ ఇంచుమించు ఇట్లుండును. ఒక యువతి మాదాపూరులోని సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగము చేయుచు గచ్చిబౌలిలో పదునాల్గవ అంతస్తున ఒంటరిగా నివసించును. ప్రతి రాత్రియు ఒకే కల. లిఫ్టు తలుపు మూసికొన్నప్పుడెల్ల ఊపిరాడదు. మానసిక వైద్యుని యొద్దకు పోవును. అతడు వేసిన ప్రశ్నలకు జవాబులు స్వగ్రామమున తాళము వేసిన గదిలో నుండును. తల్లి దాచిన ఉత్తరమో, తండ్రి చెప్పిన అబద్ధమో బయటపడగానే కలయు పోవును, కథయు ముగియును. ఈ పద్ధతిని చులకన చేయుట నా ఉద్దేశము కాదు. చేతిలోని పుస్తకమును క్రింద పెట్టనీయకుండుట కూడ ఒక విద్యయే. యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ వారపత్రికలో వెలువడుచున్న దినములలో పాఠకులు తరువాతి సంచికకై యెట్లు ఎదురుచూచిరో ఆ తరమువారికి జ్ఞాపకమే. చిక్కెల్ల ఆ కొలతబద్దతో వేరొక జాతి నవలను కొలుచుటలో నున్నది.

ఆ కొలతబద్ద వెనుక ఒక వైద్యశాస్త్ర భావము కలదు. 1896లో ఫ్రాయిడు హిస్టీరియా కారణములను గూర్చి చేసిన ఉపన్యాసమున వైద్యుని పురావస్తు పరిశోధకునితో పోల్చెను. పైనున్న శిథిలములను తొలగించి త్రవ్వినచో అడుగున సత్యము దొరకునని భావము. మరుసటి సంవత్సరముననే, మిత్రుడైన ఫ్లీసునకు వ్రాసిన లేఖలో, రోగులు చెప్పిన బాల్యఘటనలన్నియు జరిగినవేయను విశ్వాసము తనకు సడలినదని ఆయన ఒప్పుకొనెను. ఉత్కంఠ నవల మాత్రము 1896 నాటి ఫ్రాయిడును విడువలేదు. విడిచినచో దానికి కడపటి ప్రకరణముండదు.

‘చివరకు మిగిలేది’యు ధారావాహికయే. 1946-47లో ‘నవోదయ’ పత్రికలో విడతలుగా వెలువడెను. అయినను తరువాతి విడతకై పాఠకుని కట్టిపడవేయు రహస్యము నొకదానిని దాచియుంచవలెనను తాపత్రయము రచయితకు ఉన్నట్లు తోచదు. ఇదే పేరుతో 1960లో వచ్చిన చలనచిత్రమును ఈ నవలతో పొరబడు విద్యార్థులు నేటికిని కలరు. అది ఆశుతోష్ ముఖర్జీ వ్రాసిన వంగకథకు తెలుగు రూపము. మానసిక రోగులకు పరిచర్య చేయు నర్సు కథ. నవలతో దానికి పేరు తప్ప వేరు సంబంధము లేదు.

దయానిధి తల్లిని గూర్చిన అపవాదు ఊరికి తెలియును. బంధువులకు తెలియును. దయానిధికి తెలియును. పాఠకునికి సయితము అది తెలియుటకు ఎంతోసేపు పట్టదు. ఇక దాగినదేమి? దాగినది విషయము కాదు, మాట. ఎవరును అతని యెదుట ఆ మాటను నిండుగా అనరు. సగము వాక్యములు, చూపు మరల్చుకొనుట, అతడు రాగానే ప్రసంగము మారుట: ఇవియే అతని లోకము. సుశీలతో పెండ్లి మాటపై ఆ నీడ పడును. ఇందిరతో కాపురముపైనను పడును. తెలుగు కుటుంబములలో రహస్యమనగా తెలియనిది కాదు, అనరానిది. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెతలోని గుట్టును ఇంటివారందరికి తెలిసినదే గదా. తెలియని దానిని త్రవ్వి తీయవచ్చును. అందరికిని తెలిసి, ఎవరును అనని దానిని ఏ గునపముతో త్రవ్వవలెను?

దయానిధిని హామ్లెట్టుతో పోల్చుట మన విమర్శలో పరిపాటి. బుచ్చిబాబుగారు ఆంగ్లోపన్యాసకులు, షేక్స్‌పియరును గూర్చి గ్రంథము వ్రాసినవారు. కావున పోలిక నిరాధారము కాదు. కాని భేదమును గుర్తింపనిచో పోలిక మనలను దారి తప్పించును. హామ్లెట్టునకు తండ్రి ప్రేతము వచ్చి జరిగినది చెప్పును. అతడు దానిని నాటకము ఆడించి నిర్ధారణ చేసికొనును. శిక్షింపవలసిన పినతండ్రి కన్నులయెదుటనే యుండును. దయానిధికి ప్రేతము లేదు, నిర్ధారణ లేదు, శిక్షింపదగిన క్లాడియసు లేడు. ఉన్నది ఊరి గుసగుస మాత్రమే. ఫ్రాయిడు హామ్లెట్టును గూర్చి చెప్పిన దానిని, 1949లో ఎర్నెస్టు జోన్సు గ్రంథముగా విస్తరించిన దానిని యథాతథముగా దయానిధికి అంటగట్టువారు ఈ లేమిని గమనింపవలెను.

ఈ దృష్టితో చూచినచో నవలలో అత్యంత సూక్ష్మమైన ఘట్టము అమృతమునకు సంబంధించినదని తోచును. కోమలియెడ దయానిధికి గల ఆకర్షణ సౌందర్యమునకు చెందినది. అందకపోవుటయే దాని రుచి. అమృతము అట్లు కాదు. ఆమె బంధువు, వివాహిత, నవ్వుచు మాటలాడు గృహిణి. ఆమెతో అతనికేర్పడిన సంబంధమును లోకము చూచినచో ఏ పేరు పెట్టును? అతని తల్లికి పెట్టిన పేరే. ఏ మాట వలన తన బాల్యము మసిబారినదో, ఏ మాట వలన తన పెండ్లి, తన పరువు దెబ్బతిన్నవో, ఆ మాట తన మూలమున మరియొక స్త్రీపై పడదగిన స్థితిని దయానిధి కల్పించును. అంతవరకు అతడు తల్లికి న్యాయాధిపతివలె నుండెను. ఇచట అతడు ఆ కథలోని పరపురుషుని స్థానమున నిలుచును. తల్లిని ఒక మనిషిగా గ్రహించుటకు అతనికి దొరకిన సాక్ష్యము ఇది యొక్కటే. ఇది ఉత్తరములో దొరకిన సాక్ష్యము కాదు, తన దేహముతో తాను తెలిసికొన్నది. బుచ్చిబాబుగారు దీనిని నొక్కి చెప్పలేదు. అందువలననే కాబోలు, నేను చూచిన ప్రతిపాదనలలో ఈ ఘట్టము ‘ప్రణయము’ అను శీర్షిక క్రిందనే చేరినది గాని ‘తల్లి’ అను శీర్షిక క్రింద చేరలేదు.

గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’ ఇంచుమించు ఆ కాలముననే వచ్చినది. సీతారామారావుకును కుటుంబము వదలని బరువే. అయితే అతనిని నలిపినది వంశగౌరవము; దయానిధిని నలిపినది అగౌరవము. మొదటిదానిని ఊరు బిగ్గరగా పలుకును, రెండవదానిని గొంతు తగ్గించి పలుకును. సీతారామారావు అందరితోను వాదించును. దయానిధి ఎవరితోను వాదింపలేడు. అనని మాటకు ప్రత్యుత్తరము లేదు.

నవలలో నాకు లోపముగా తోచునది ఒకటి కలదు. తల్లిని గూర్చి ఇతరులు పలికిన మాటలు ఆమె స్వయముగా పలికిన మాటలకంటె మిక్కిలి ఎక్కువ. గుసగుసను విమర్శించుచున్న గ్రంథము తానును ఆమెకు నోరీయలేదు. కథ దయానిధి మనస్సునుండి నడచుచున్నది గనుక ఇది అనివార్యమని కొందరు సమాధానము చెప్పవచ్చును. ఆ సమాధానము శిల్పమునకు చాలునేమో, నాకు చాలదు.

మరి తాళము వేసిన గది కథ నేటి పాఠకునికి ఎందుకు నచ్చుచున్నది? దానికి స్థలమే కొంత కారణమని తోచును. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు గచ్చిబౌలిలో ఆవరణ ఏర్పడిననాడు చుట్టును రాళ్ళగుట్టలు, పొదలు. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఆ రాళ్ళమధ్య అద్దాల మేడలు లేచినవి. అచట ప్రక్క వాకిటివాని పేరు తెలియదు. ఊరు లేదు గనుక గుసగుస లేదు. గుసగుస లేనిచోట రహస్యము నిజముగా దాగియుండవచ్చును. కావున తాళము వేసిన గది ఆ ప్రదేశమునకు కేవలము అసత్యము కాదు. అయితే మన విద్యార్థులలో చాలమంది మొదటి రకపు రహస్యముతో ఊరినుండి వచ్చి రెండవ రకపు రహస్యము నడుమ నివసించువారు. పదునాల్గవ అంతస్తులోని ఆ యువతి చేతనున్న ఫోనులో కుటుంబసభ్యుల వాట్సాప్ బృందమొకటి ఉండక మానదు. అందు ప్రతి ఉదయము పూలబొమ్మలతో శుభోదయములు వచ్చును. అందరికిని అన్నియు తెలియును. ఎవరును ఏమియు అనరు. దీనిని వ్రాయువానికి ఫ్రాయిడుకంటె బుచ్చిబాబుగారే దగ్గరి పూర్వికులు.

త్రవ్వకమును గూర్చిన సంగతి ఇంకొకటి మిగిలినది. బుచ్చిబాబుగారు కొంతకాలము అనంతపురమున అధ్యాపకులుగా నుండిరి. ఆ సీమలోని వజ్రకరూరు ప్రాంతమున తొలకరి వానలు పడగానే పొలములలో వజ్రములకై వెదకువారు నేటికిని కలరు. నవలలో దయానిధి రాయలసీమకు పోయినప్పుడు అతనికి నేలలో వజ్రము దొరకును. ఈ ఘట్టమును అసంభావ్యమనినవారు కలరు. కథాసౌకర్యమునకు కల్పించినదేయని నేనును చాలకాలము తలచితిని. ఇప్పుడట్లు తోచదు. త్రవ్విన నేల అతనికి వజ్రమునిచ్చినది, ధనమునిచ్చినది. తల్లిని గూర్చి ఒక్క మాటయు ఈయలేదు. ఆ తరువాతి పుటలలో అతడు తనతో తాను సమాధానపడుటకు యత్నించును గాని, ఆమె దోషియని గాని నిర్దోషియని గాని తేల్చు వాక్యమునకై వెదకువారికి అది దొరకదు.