రెండు మొనల సూది

వేలెడంత ఉక్కు పుల్ల. పిడి లేదు, మర లేదు, గొట్టం లేదు. ఒక కొస చీలి రెండు మొనలైంది, అంతే. పంగలకర్రను గుండుసూది అంత సన్నం చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మశూచిని భూమ్మీద లేకుండా చేసిన పనిముట్లలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదే. చేసినవాళ్ళు దీనికి ఏం చేర్చారన్న దానికంటే ఏమేం అక్కర్లేకుండా చేశారన్నది చూస్తే దీని పనితనం తెలుస్తుంది.

ముందు ఆ రెండు మొనల మధ్య సందును చూడాలి. మందు సీసాలో ముంచి తీస్తే ఆ సందులో ఒక చిన్న బొట్టు నిలుస్తుంది. ద్రవానికి సహజంగా ఉండే తలతన్యతే దాన్ని పట్టి ఉంచుతుంది. సూదిని తలకిందులుగా పట్టుకున్నా జారదు. ఆ బొట్టు సుమారు 0.0025 మిల్లీలీటరు. ఒక మనిషికి అది సరిగ్గా చాలు. అంటే మోతాదు కొలిచే పని టీకా వేసేవాళ్ళ చేతిలోంచి సూది మొనకు వెళ్ళిపోయింది. చెయ్యి వణికినా, కళ్ళు ఆనకపోయినా, వరసలో నాలుగు వందల మంది నిలబడి ఉన్నా కొలత మారదు.

ఇది రాకముందు పద్ధతి వేరు. చర్మం మీద మందు చుక్క వేసి, దాని మీదుగా గీరేవారు. చుక్కలో చాలా భాగం చేతి మీదనే కారిపోయేది. మన దేశంలో ఎక్కువగా వాడింది ముళ్ళున్న చిన్న బిళ్ళ. దాన్ని చుక్క మీద ఆనించి గిరగిరా తిప్పేవారు. చర్మం లేచిపోయేది, నొప్పి, ఆపైన పుండు. టీకాలవాడు ఊళ్ళోకి వస్తున్నాడంటే తల్లులు పిల్లల్ని దాచేసేవారు. దానికి కారణం మూఢనమ్మకం ఒక్కటే కాదు. అమ్మవారి మీద భయం ఎంత ఉందో ఆ బిళ్ళ మీదా అంత భయం ఉండేది. ఆ రోజుల్లో టీకా వేయించుకున్న పెద్దవాళ్ళ చేతుల మీద రూపాయి బిళ్ళంత మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి.

1960ల నడిమిలో అమెరికాలో వయెత్ లేబొరేటరీస్‌లో పనిచేసే బెంజమిన్ రూబిన్ అనే శాస్త్రవేత్త కుట్టుమిషను సూదిని తీసుకున్నాడు. దాని బెజ్జంలో ద్రవం నిలుస్తుంది. ఆ బెజ్జం కొసను అరగదీయిస్తే రెండు మొనలు మిగిలాయి, ద్రవం పట్టే గుణం పోలేదు. ఒక్క కోతతో బొట్టును పట్టే చోటు, చర్మాన్ని గుచ్చే మొన ఒకటే అయిపోయాయి. ఇంత తక్కువ మార్పుతో ఇంత పని జరిగిన పనిముట్టు వైద్యచరిత్రలో మరొకటి నాకు గుర్తు రావడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వాడుకోవడానికి వయెత్ కంపెనీ రాయల్టీ వదులుకుంది. దాన్నీ నేను ఈ సూది గొప్పతనంలో భాగంగానే లెక్కవేస్తాను.

వేసే పద్ధతి కూడా సూదంత పొదుపైనదే. మణికట్టును టీకా వేయించుకునేవారి చేతి మీద ఆనించాలి. సూదిని చర్మానికి నిటారుగా పట్టుకోవాలి. అర సెంటీమీటరు వెడల్పు చోటులో గబగబా 15 పోట్లు. కాసేపటికి నెత్తుటి జాడ కనిపించేంత బలంగా పొడిస్తే చాలు. ఆ రోజుల్లో కట్టు కట్టే పని ఉండేది కాదు. మూడు నాలుగు రోజులకు చిన్న పొక్కు, వారం దాటేసరికి చీముబొబ్బ, మూడు వారాలకు పెచ్చు రాలి మచ్చ. వారం తర్వాత వచ్చి బొబ్బను చూస్తే టీకా పట్టిందో లేదో అక్కడే తెలిసిపోతుంది. చదువు పెద్దగా లేని ఊరి కుర్రవాడికైనా కొద్ది నిమిషాల్లో ఈ పని నేర్పవచ్చు.

లెక్క చూడండి. పాత పద్ధతిలో పాతిక మందికి సరిపోయే సీసా ఈ సూదితో వంద మందికి వచ్చింది. కొత్త ఫ్యాక్టరీ ఒక్కటి కట్టకుండానే ప్రపంచంలో ఉన్న టీకా మందు నాలుగింతలైంది. వాడిన సూదుల్ని మరిగించి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. అప్పటికే గాలి ఒత్తిడితో మందు కొట్టే యంత్రాలున్నాయి, గంటకు వెయ్యి మందికి వేయగలవు. కానీ అవి చెడిపోతే బాగుచేసేవాడు కావాలి, జనం ఒకచోటికి రావాలి. సూదికి ఆ బాధ లేదు, జేబులో పెట్టుకుని చివరి గుడిసె దాకా నడవొచ్చు.

ఆ చివరి గుడిసె దాకా మందు చెడకుండా చేరాలి కదా. ఆ చిక్కును అంతకుముందే, 1950లలో, లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో లెస్లీ కొలియర్ విప్పాడు. పెప్టోన్ కలిపి, గడ్డకట్టించి ఆరబెట్టిన పొడి మందు తయారుచేశాడు. 37 డిగ్రీల వేడిలో నెల రోజులుంచినా దాని బలం తగ్గకూడదన్నది తర్వాత ప్రమాణమైంది. మన ఎండల్లో ఐస్‌పెట్టె లేకుండా తిరిగిన మందు అది. పొడి కొలియర్‌ది, మొన రూబిన్‌ది. ఈ రెండిట్లో ఏది లేకపోయినా రెండోది సగం పనే చేసేది.

సూదే అంతా చేసిందని చెప్పడం అన్యాయం. 1974లో మన దేశంలో 1,88,000కు పైగా మశూచి కేసులు నమోదయ్యాయి, బిహార్‌లో చావులకు అంతు లేకపోయింది. దాన్ని ఆపింది ఇంటింటికీ తిరిగి, రోగి బొమ్మ ఉన్న కార్డు చూపించి, ఎక్కడైనా ఇలాంటి బొబ్బలు చూశారా అని అడిగిన వేలాది ఆరోగ్య కార్యకర్తలు. కేసు దొరకగానే ఆ ఇంటి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ టీకా వేశారు. అప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది ఈ సూదే. ఇంట్లోవాళ్ళు ఏడుస్తున్నా, అర్ధరాత్రి లాంతరు వెలుగులోనైనా తప్పు జరగని సూది కాబట్టే ఆ పని అంత వేగంగా సాగింది. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి కనిపించలేదు. 1977 అక్టోబరులో సోమాలియాలోని మెర్కాలో ఒక ఆసుపత్రి వంటవాడికి వచ్చింది, సహజంగా సోకిన చివరి కేసు అదే. అతను బతికాడు. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మశూచి పోయిందని ప్రకటించింది.

మశూచిని నిర్మూలించిన ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన డి.ఎ. హెండర్సన్ ఈ సూదిని సున్నాలా వంచి, కోటుకు పెట్టుకునే పిన్నుగా చేయించి సహచరులకు ఇచ్చాడు. సున్నా అంటే ఒక్క కేసూ మిగలకూడదని. సూది మాత్రం రిటైరు కాలేదు. అమెరికాలో 2007లో అనుమతి పొందిన మశూచి టీకా ఏక్యామ్2000ను ఈ రెండు మొనల సూదితోనే వేస్తారు. సరిగ్గా 15 పోట్లు. అరవై ఏళ్ళలో ఎవరికీ దాని ఆకారం మార్చాల్సిన అవసరం కనిపించలేదు.