సూది కిందికి జారాలి

బండి నల్ల పొగ కొట్టినా, పొద్దున్నే ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోకపోయినా మా రాయదుర్గం పక్క మొదట వినబడే మాట ఒకటే: “నాజిళ్లు పోయింటాయప్పా, సెట్టంతా మార్పించు.” చెప్పేవాళ్లు మన మంచికే చెబుతారు. కానీ నల్ల పొగకు నాజిల్ ఒక్కటే కారణం కాదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు, పంపు టైమింగ్ తప్పి ఉండవచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండవచ్చు. నాజిలే అయినా మూడింటిలోనో నాలుగింటిలోనో ఒక్కటే చెడి ఉండవచ్చు. కొలవకుండా నాజిల్ మార్చడం రైతు డబ్బును ఊహ మీద ఖర్చుపెట్టడమే. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

మా నేల సంగతి తెలిసినవాళ్లకు దీని బరువు తెలుస్తుంది. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. పడిన వానకు పదును ఆరిపోయేలోగా శెనక్కాయ విత్తనం భూమిలో పడాలి. ఆ నాలుగైదు రోజుల్లో ట్రాక్టర్ షెడ్డులో నిలబడిపోతే మళ్లీ ఎప్పుడు పదునవుతుందో ఎవరూ చెప్పలేరు. బాడుగ బండి కోసం తిరిగితే ఆ వారమంతా ఊళ్లో ఏ బండీ ఖాళీగా ఉండదు. అందుకే నాజిల్ మేస్త్రిని నేను ఇనుము పనివాళ్లలో కాదు, సేద్యగాళ్లలో లెక్కవేస్తాను.

బళ్లారి రోడ్డు పక్కన ఒక మేస్త్రి దగ్గర కూర్చుని ఈ పని చూడటం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఆయన పని బల్ల దగ్గర కాదు, బండి దగ్గరే మొదలవుతుంది. ఇంజన్‌ను స్లోలో పెట్టి ఒక్కో నాజిల్‌కు వచ్చే స్టీలు పైపు నట్టును స్పానరుతో కాస్త వదులు చేస్తాడు. మంచి సిలిండర్ అయితే డీజిల్ ఆగగానే ఇంజన్ తడబడుతుంది, శబ్దం మారుతుంది. వదులు చేసినా శబ్దం మారలేదంటే ఆ సిలిండర్ అప్పటికే పని చేయడం లేదు. “ఇదో, దీంట్లో ఉంది రోగం. కడమవి పరీక్షకు మాత్రం తీసుకుపోదాం, మార్చేందుకు కాదు” అంటాడు. రైతు తన చెవులతో విన్నాడు కాబట్టి ఇంక వాదన ఉండదు.

నాజిళ్లు విప్పే ముందు చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్షుతో, డీజిల్‌తో కడిగేస్తాడు. విప్పిన వెంటనే పైపు మూతులకు, ఇంజన్ మీది రంధ్రాలకు శుభ్రమైన మూతలు పెడతాడు. ఇక్కడి ఎర్రమట్టి దుమ్ము ఒక్క రేణువు లోపలికి పోయినా చేసిన పనంతా వృథా. ఎందుకో సూది సంగతి చెప్పాక తెలుస్తుంది.

నాజిళ్లను పరీక్షించే టెస్టర్ చూడటానికి చాలా మామూలు వస్తువు. పైన చిన్న డీజిల్ ట్యాంకు, పక్కన ప్రెజర్ మీటరు, ఒక ఇనుప చేతిపిడి. నాజిల్‌ను తలకిందులుగా పైపుకు బిగించి, ముందు గబగబా కొట్టి గాలి బయటికి పంపేస్తాడు. తరవాత పిడిని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా కిందికి దించుతాడు. మీటరు ముల్లు ఎక్కుతూ పోతుంది. ఒక చోట నాజిల్ తెరుచుకుని డీజిల్ చిమ్ముతుంది, ముల్లు వెనక్కి పడుతుంది. ఆ అంకె చూడాలి. పాత ట్రాక్టర్లలో అది సాధారణంగా 180 నుంచి 250 బార్ మధ్య ఎక్కడో ఉంటుంది. కచ్చితంగా ఎంతో ఆ ఇంజన్ పుస్తకం చెబుతుంది. కారు టైరులో ఉండే గాలి 2 బార్ పైచిలుకు. దానికి వంద రెట్ల ఒత్తిడి ఆ చిన్న మూతి దగ్గర ఉంటుందన్నమాట.

అందుకే తుంపర కింద చెయ్యి పెట్టకూడదు. బల్ల దగ్గరికి కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ మేస్త్రి మొదట చెప్పేది ఇదే. ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న పోటు గుర్తు తప్ప ఏమీ కనిపించదు, మొదట పెద్ద నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఆలస్యం చేస్తే వేలు తీసేయాల్సి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి పోయి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి.

అంకె సరిపోతే పని అయిపోలేదు. తుంపర ఎలా ఉందో చూడాలి: ప్రతి రంధ్రం నుంచీ సమానంగా, పొగమంచంత సన్నగా రావాలి. ఒక పక్క ధారలా కారితే ఆ డీజిల్ సరిగా కాలదు, పిస్టన్ తల మీదే మసి కడుతుంది. తరవాత ముల్లును తెరుచుకునే ఒత్తిడికి కాస్త కింద నిలిపి పది సెకన్లు ఆగుతాడు. మూతి పొడిగా ఉండాలి. చుక్క దిగితే సూది కూర్చునే చోటు చెడిందని అర్థం. పిడి నెమ్మదిగా దించేటప్పుడు మంచి నాజిల్ కిరకిరమని అరుస్తుంది. సూది లేచి కూర్చుంటూ ఉండే చప్పుడది. అయితే అన్ని రకాలూ అలా అరవవు కాబట్టి చప్పుడొక్కటే విని తీర్పు చెప్పడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్షకు మీటరు కూడా అక్కర్లేదు. నాజిల్ విప్పి, సూదిని, దాని గూటిని శుభ్రమైన డీజిల్‌లో కడుగుతాడు. గూటిని వాలుగా పట్టుకుని సూదిని మూడోవంతు బయటికి లాగి వదిలేస్తాడు. అది తన బరువుతో తానే, ఎక్కడా ఆగకుండా కిందికి జారి కూర్చోవాలి. మధ్యలో ఆగితే లోపల గీత పడిందో తుప్పు పట్టిందో ఉంటుంది. సూదికీ గూటికీ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యి భాగాలు చేస్తే రెండు మూడు భాగాలు. ఫ్యాక్టరీలో ఆ రెండింటినీ జతగా అరగదీసి చేస్తారు. అందుకే ఒకదాని సూది ఇంకోదాని గూట్లో పెట్టకూడదు. కడిగేటప్పుడు మేస్త్రి ఒక్కో జతకు ఒక్కో గిన్నె పెట్టుకునేది దీనికోసమే. పక్కన కుర్రాడు తొందరపడి రెండు సూదులు ఒకే గిన్నెలో వేయబోతే, “మొగుడూ పెళ్లాల్ని కలిపేస్తివి కదరా, ఇంక నువ్వే విడదీయాల” అని ఆపేశాడు. “అట్లనే మామా” అని వాడు రెండో గిన్నె తెచ్చుకున్నాడు.

ఒత్తిడి తగ్గితే లోపలి స్ప్రింగు కింద షిమ్ అనే సన్నని రేకు వేసి పెంచుతారు. కొన్ని రకాల్లో స్క్రూ తిప్పితే చాలు. ఇది న్యాయమైన పని. కానీ సూది అరిగిపోయి కారుతున్న నాజిల్‌కు షిమ్ మీద షిమ్ వేసి మీటరులో అంకె తెప్పించి ఇచ్చేయడం మోసం. అది బండిలో కొద్ది రోజులు బాగానే నడిచి, సరిగ్గా చేను మధ్యలో చేయి ఇస్తుంది. మార్చాల్సినదాన్ని మార్చాల్సిందే. సూది ఎందుకు అరుగుతుందో ఒక్క నిమిషం లెక్క చూడండి: ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే ఒక్కో నాజిల్ 1,000 సార్లు తెరుచుకుంటుంది. ఎనిమిది గంటల దుక్కికి 4,80,000 సార్లు.

బిగించేటప్పుడు కొత్త రాగి వాచర్ వేయాలి. పాతది అప్పటికే నలిగిపోయి ఉంటుంది, గ్యాసు ఆపలేదు. పాత వాచర్ లోపలే అతుక్కుపోతే దాని మీద కొత్తది పెట్టేయకుండా కిందిది తీసేయాలి. తరవాత పైపు నట్లు వదులుగా ఉంచి సెల్ఫ్ కొట్టి గాలి తీసి, బుడగలు ఆగాక బిగించాలి.

నాజిళ్లు మా దగ్గర ఇంత త్వరగా ఎందుకు పోతాయి? బంకు దూరం కాబట్టి డ్రమ్ముల్లో, క్యాన్లలో డీజిల్ తెచ్చుకుంటాం. చేలోనే, గాలిలో దుమ్ము ఎగురుతుండగానే ట్యాంకు మూత తీస్తాం. డ్రమ్ము అడుగున నీళ్లు చేరితే సూది తుప్పు పడుతుంది. తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు రిగ్గులవాళ్లు వెయ్యి అడుగుల రాతిదుమ్ములో పని చేసినా ఫిల్టర్ల విషయంలో మనకన్నా జాగ్రత్తగా ఉంటారు. ఒక గుడ్డ వడపోత, డ్రమ్మును రాత్రంతా కదపకుండా ఉంచి పైనుంచి తోడుకోవడం, వేళకు ఫిల్టర్ మార్చడం అనే ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు.

శెనక్కాయ పండించే మనకు ఈ ఇంజన్‌తో ఇంకో చుట్టరికం ఉంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఓటో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను శెనక్కాయ నూనెతో నడిపి చూపింది. ఆఫ్రికా వలస రాజ్యాల్లో పండే శెనక్కాయ మీద ఫ్రెంచి ప్రభుత్వానికి ఉన్న ఆసక్తి దీనికి కారణం. ఈ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ తానే 1912లో ఈ సంగతి రాశాడు. అప్పట్లో నూనెను సిలిండర్లోకి చిమ్మడానికి కంప్రెసర్ గాలి వాడేవారు. ఈనాటి నాజిళ్లలో ఆ నూనె నేరుగా పోస్తే కుదరదు. డీజిల్ కన్నా సుమారు పది రెట్లు చిక్కన కాబట్టి తుంపర సరిగా పడదు, మూతికి మసి కడుతుంది. 1927లో బాష్ కంపెనీ డీజిల్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకే లారీలకూ ట్రాక్టర్లకూ సరిపడే ఇంజన్లు విరివిగా వచ్చాయి. 1951లో ఆ విద్యే మైకో పేరుతో బెంగళూరుకు వచ్చింది. కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా మా మేస్త్రీల నోట ఇప్పటికీ మైకో నాజిలే.

ఇంధనం చిమ్మే పనిలో వచ్చే బాధ ఖరీదైన కార్లవాళ్లకూ తప్పలేదు. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ స్పోర్ట్స్ కారు పెట్రోల్‌ను నేరుగా సిలిండర్లోకి చిమ్మేది. దాని పంపు యాంత్రికం కావడంతో స్విచ్ ఆపాక ఇంజన్ ఆగేదాకా పెట్రోల్ పడుతూనే ఉండేది, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసేది. తరవాత వచ్చిన స్పోర్ట్స్ కార్లలో కరెంటుతో తెరుచుకునే ఇంజెక్టర్లు వచ్చాయి. వాటిని గాజు గొట్టాల మీద వరుసగా పెట్టి, ఒకే సమయంలో ఒక్కోటి ఎంత పోసిందో పక్కపక్కన పెట్టి చూస్తారు. తక్కువ పోసినది కంటికే తెలిసిపోతుంది.

50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి పొగ నిబంధనలు కఠినమయ్యాయి, వాటిలో చాలావాటికి కామన్ రైల్, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి ఒత్తిడితో డీజిల్ అందించే పద్ధతి వచ్చింది. దాంట్లో పైపు నట్టు వదులు చేసి చూడటం ప్రాణాంతకం, ఒత్తిడి 1,600 బార్ కూడా దాటుతుంది. రిటర్న్ పైపులకు సీసాలు కట్టి ఏ ఇంజెక్టర్ ఎక్కువ వెనక్కి వదులుతోందో చూడాలి. కొత్తది వేస్తే దాని మీది కోడ్‌ను చాలా బండ్లలో కంప్యూటర్‌కు ఎక్కించాలి. విప్పిన ఇంజెక్టర్ల పరీక్ష పెద్ద బెంచీ మీద, గాజు వెనక జరుగుతుంది. రైతు చెవికి వినబడేది తగ్గింది. అయితే ఆ బెంచీ ప్రతి ఇంజెక్టర్‌కూ కొలతలతో కాగితం తీసి ఇవ్వగలదు: ఎంత పోయాలి, ఎంత పోసింది, ఎంత వెనక్కి వదిలింది. డబ్బు కట్టే ముందు ఆ కాగితం చేతికి అడిగి తీసుకోండి. పాతవి మార్చామంటే, విప్పిన పాతవాటినీ సంచిలో వేసి ఇమ్మనండి.